ఎర్ర చుక్క పెట్టిన సరుకు

కొట్టు వెనక, సిమెంటు బస్తాల మీద

అక్కా,

నువ్వు కులాసాగా ఉన్నావని వ్యాన్ డ్రైవర్ చెప్పాడు. నేను లేను. ఒళ్ళు మండిపోతోంది. ఫోన్లో చెప్పబోతే, "నీతో మాట్లాడితే చెవి నొప్పి వస్తోందిరా, చెప్పేదేదో కాగితం మీద రాసి పంపు, అక్కడైతే అరవలేవు" అని పెట్టేశావు. ఆ తరవాత నా నంబరే రాకుండా చేశావు. సరే, రాస్తున్నాను. బడి మానేశాక రంగు డబ్బాల మీది రాతలు చదువుకుని నేర్చిన అక్షరాలు నావి, వంకర పోతే సర్దుకో. కాగితం మీద కూడా అరవగలనని చూపిస్తాను.

మీ మేడ మీద కొత్త వాటాకు పైపులు, కుళాయిలు, గడియలు, బాత్రూం సామాను మొత్తం హైవే మీది ఆ పెద్ద షాపు నుంచి దిగాయట. మోసింది మన వ్యాన్ డ్రైవరే. మోసినవాడు ఊరుకుంటాడా, మా కొట్టు ముందు బండి ఆపి అందరూ వినేట్టు చెప్పాడు. తాపీ మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. సొంత అక్కే నా దగ్గర కొనకపోతే వాళ్ళని కొనమని ఏ మొహంతో అడుగుతానని అడిగాడు. దానికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

మా కొట్టు యజమాని పెద్దాయన సంగతి నీకు తెలుసు. మేకు అడిగినా సరే, "ఎక్కడికి?" అంటాడు. గోడకా, చెక్కకా, బరువేమైనా వేలాడుతుందా. చెప్పకపోతే ఇవ్వడు. విసుక్కుని వెళ్ళిపోయేవాళ్ళున్నారు. వాళ్ళలో సగం మంది సాయంత్రానికి వంకరపోయిన మేకు పట్టుకుని తిరిగొస్తారు. ఇత్తడి సామాను దిగినప్పుడల్లా ఆయన కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని, వాళ్ళావిడ, అదే మా పెద్దమ్మ, గోళ్ళరంగు సీసా ముందు పెట్టుకుని, ఒక్కో ముక్క మీదా ఎర్ర చుక్క పెడతాడు. చుక్క ఉంటే మా సరుకు. తేడా వస్తే మా పూచీ. చుక్క చూపిస్తే చాలు, మాట్లాడకుండా మారుస్తాడు.

మీ పెద్ద షాపులో ఎవడు అడుగుతాడు? ట్రాలీలో ఎలకల మందూ పాలపీకా పక్కపక్కన వేసుకున్నా బిల్లు కొట్టి, మళ్ళీ రండి అంటారు. ఆ షాపు తెరిచాక ఈ వీధిలో ఒక రంగుల కొట్టు మూతపడింది, అద్దాలవాడు కొట్టు ఖాళీ చేశాడు. తరవాత మేమే. ఆ మూసేవాళ్ళలో నువ్వూ ఓ చెయ్యి వేశావని తెలుసుకో.

మీ ఇంటి గడప తొక్కను. ఆ గడపకు కొట్టిన మేకులు కూడా అక్కడివేగా.

నీ తమ్ముడు

*

మేడ మీద, ఇంకా తలుపుల్లేని గదిలో

ఒరేయ్ తమ్ముడూ,

చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని రాస్తున్నాను, కాగితం మీద ఈ చొంగ మరక దానిదే. నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళారు. ఆయన దగ్గర ఈ విషయం ఎత్తకు. ఎందుకని అడగకు.

జవాబు కావాలన్నావు కదా, ఇదిగో.

ఎండాకాలంలో మీ ఊరు వచ్చినప్పుడు మీ కొట్టుకు వచ్చాను. నువ్వు సామాను దింపడానికి ఎక్కడికో వెళ్ళావు. బాత్రూం తలుపుకు గడియ కావాలన్నాను. పెద్దాయన ఎక్కడికి అన్నాడు, చెప్పాను. తలుపు మందమెంత, లోపలికి తెరుచుకుంటుందా బయటికా, చట్రం ఇనుమా చెక్కా అన్నాడు. నాకు తెలియదు. స్టూళ్ళ మీద నీ మేస్త్రీలు వరసగా కూర్చుని నన్నే చూస్తున్నారు. అందులో ఒకడు, "ఇంట్లో మగవాళ్ళు లేరామ్మా, వాళ్ళని పంపించరాదూ" అన్నాడు. పెద్దాయన ఆ మాట అనలేదు. కానీ ఆపనూ లేదు. జవాబు కోసం అలాగే చూస్తూ నిలబడ్డాడు. గుర్తొచ్చి చెప్తానని వచ్చేశాను. నీకు చెప్తే కొట్టులో కొట్లాటకు దిగుతావని చెప్పలేదు.

పెద్ద షాపులో ఎవరూ ఏమీ అడగరు. అదే నాకు హాయి. గడియలు మూడు రకాలు తెచ్చుకున్నాను, బాత్రూం తలుపుకు ఆనించి చూసుకున్నాను, పనికిరానివి తిరిగిచ్చేశాను. ఎందుకమ్మా అనలేదు. నా ఇంటి సామాను నేను ఎంచుకోవడం అదే మొదటిసారి. నువ్వు ట్రాలీ అని ఎగతాళి చేశావే, చంటిది అందులో కూర్చుని కుళాయిలన్నీ తిప్పి చూసింది.

మీ పెద్దాయన అడిగేది మంచికే అయ్యుండొచ్చు. కానీ అక్కడ నిలబడితే లెక్క రాని పిల్లని బోర్డు దగ్గరికి పిలిచినట్టుంటుంది. ఆ సంగతి ఆలోచించావా, మొనగాడా?

గడప తొక్కకపోతే కిటికీలోంచి రా. అదింకా బిగించలేదు.

అక్క

*

కొట్టు, తూకం బల్ల పక్కన

అక్కా,

ఆ మాట అన్నది తాపీ మేస్త్రే. గట్టిగా నిలదీస్తే ఒప్పుకున్నాడు. వాడు కూర్చునే స్టూలు తీసి అటక మీద పడేశాను. ఇప్పుడు నిలబడి టీ తాగుతున్నాడు.

పెద్దాయనకు కూడా నీ ఉత్తరం చదివి వినిపించాను. నొచ్చుకున్నాడు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మర్నాడు ఒకావిడ కొక్కేలకు వస్తే, "ఎక్కడికమ్మా, ఎంత ఉంటుందో చేత్తో చూపించు, చాలు" అన్నాడు. అడగడం మానడు, అది జరిగే పని కాదు. కానీ తీరు మార్చుకున్నాడు. నీ మాట నెగ్గిందని ఒప్పుకుంటున్నాను. ఈ ఒక్క దాంట్లో.

మిగతాదంతా అలాగే మండుతోంది. మేస్త్రీలకు పెద్ద షాపువాళ్ళు కార్డులిచ్చారు, కొన్న కొద్దీ బహుమతులట. మా దగ్గర సలహా అడిగి, సైజు రాయించుకుని, పోయి అక్కడ కొంటున్నారు. వానలకి బేరం మరీ పడిపోయింది. నాకు వేరే పని చూసుకోమని పెద్దాయన మెల్లగా అన్నాడు. నేను విననట్టు నటించాను.

కానీ ఇవాళ ఒక సంగతి జరిగింది, అది చెప్పడానికే రాస్తున్నాను. పెద్ద షాపు యూనిఫాం వేసుకున్న మీసాల ఫిట్టర్ ఒకడు మా మెట్లెక్కాడు. చొక్కా మీద వాళ్ళ బొమ్మ, నెత్తిన వాళ్ళ టోపీ. ఇత్తడి డమ్మీలు కావాలట. డమ్మీ అంటే తెలుసుగా, గొట్టం మూతికి మరతో బిగించే బిరడా. వాళ్ళ షాపులో అట్టకు అంటించి పెద్ద ప్యాకెట్లే అమ్ముతారట. అదీ వాళ్ళ మనిషి తీసుకోవాలంటే పైనుంచి ఎవడో సంతకం పెట్టాలట. అంత పెద్ద షాపు, అంత మంది జనం, చివరికి వేలెడంత బిరడా కోసం మా గడప ఎక్కాల్సి వచ్చింది.

పెద్దాయన భోజనానికి వెళ్ళాడు. నేనే ఉన్నాను. మీ మేనేజరుకు నా నమస్కారాలు చెప్పమన్నాను, ఆ టోపీ తీసి అడిగితే తగ్గించి ఇస్తానన్నాను. వాడు సిగ్గుపడుతూ నవ్వి నిజంగానే టోపీ తీశాడు. గుప్పెడు డమ్మీలు తీసి వాడి చేతిలో పోశాను. ఎన్నాళ్ళకో కడుపు నిండా నవ్వుకున్నాను అక్కా. ఇది చదివి నువ్వూ నవ్వు.

నీ తమ్ముడు

*

మేడ మీద వాటా, కొత్త వంటింట్లో

తమ్ముడూ,

నవ్వాను. తరవాత ఏడుపొచ్చింది. ఎందుకో చెప్తాను, చదవడం మధ్యలో ఆపకు.

మీ బావ పాత పని పోయి చాలా రోజులైంది. నీకు చెప్పలేదు. ఇప్పుడు ఆయన పని చేస్తున్నది ఆ పెద్ద షాపులోనే. అమ్మిన సామాను ఇళ్ళల్లో బిగించే ఫిట్టర్ల మీద సూపర్వైజరు. మాకు సామాను తక్కువకు వచ్చిందంటే అందుకే. నువ్వు ఆ షాపును తిట్టిన ప్రతి తిట్టూ ఆయన మా వంటింట్లో నిలబడి విన్నారు. నీ టోపీ కథ కూడా విన్నారు. ఆ మీసాలాయన మీ బావ కింద పనిచేసే మనిషే. ఈసారి ఆయన బయటికి వెళ్ళిపోలేదులే, కొంచెం నవ్వారు.

ఆ పని ఆయనకు సులువుగా లేదు. ఏ ఇంట్లో ఏ చుక్క కారినా జనం ఫోన్లో స్టార్లు, అవే చుక్కలు, తగ్గించి ఇస్తారట, మార్కుల్లా. అవి తగ్గితే ఈయన్ని పిలిచి నిలబెడతారు. ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చుంటారు.

ఇక శుభవార్త. చలి మొదలైంది కదా, మాకూ గీజర్ బిగించారు. మొదటి రోజు నుంచీ దానికో జబ్బు, కింద ఉన్న చిన్న వాల్వులోంచి టపటపా నీళ్ళు. బకెట్టు పెట్టలేక చచ్చాను. మార్చే వాల్వు కంపెనీ నుంచి రావడానికి చాలా రోజులు పడుతుందట. నేను సతాయిస్తే మీ బావ ఆ మీసాలాయన్నే పంపారు. ఆయన వాల్వు తీసేసి ఆ కన్నానికి ఒక ఇత్తడి బిరడా బిగించాడు. చుక్క కారితే ఒట్టు.

చూద్దును కదా, ఆ బిరడా మీద ఎర్ర చుక్క. మీ పెద్దమ్మ గోళ్ళరంగు. నువ్వు నా గడప తొక్కకపోయినా నీ కొట్టు సరుకు నా బాత్రూం దాకా వచ్చింది చూశావా. చుక్క ఉంటే పూచీ మీదే అన్నావుగా, నిశ్చింతగా ఉన్నాను. అత్తయ్యగారైతే పొద్దున్న స్విచ్చి వేస్తే మళ్ళీ కట్టరు, వేడినీళ్ళ మీద అంత మోజు. చంటిదానికి రోజూ అందులో నీళ్ళే.

ఇక సంధి చేసుకుందాం. రా ఒకసారి.

అక్క

*

కొట్టు మెట్ల మీద, వ్యాన్ ఇంజన్ ఆపకుండా ఉంది

అక్కా,

ఇది అందిన క్షణం లేచి గీజర్ స్విచ్చి కట్టెయ్యి. చదవడం తరవాత.

కట్టావా. ఇప్పుడు చంటిదాన్నీ అత్తయ్యగారినీ కిందికి తీసుకుపో. బాత్రూంలోకి ఎవరూ వెళ్ళొద్దు. ఆ బిరడాను ఎవరూ ముట్టుకోవద్దు. ట్యాంకు పూర్తిగా చల్లారాక బావ తియ్యాలి, ముందు కాదు.

నీళ్ళు కాగితే ఉబ్బుతాయి. ఉబ్బిన ఒత్తిడి బయటికి పోవడానికే ఆ వాల్వు. వాడు మూసింది దాన్ని. లోపల వేడి చూసి కరెంటు ఆపే మర పని చేసినన్నాళ్ళూ ఏమీ తెలియదు. అది మొరాయించిన రోజు ట్యాంకు బాంబులా పేలుతుంది. గోడ కూడా నిలవదు.

డ్రైవర్ ఫోన్ నుంచి చేశాం, నువ్వు ఎత్తలేదు. బావ ఫోన్ డ్యూటీలో కట్టేసి ఉంది. డ్రైవర్ మీ ఊరే వస్తున్నాడు, ఎక్కడా ఆగనని మాటిచ్చాడు. నేను రావడం లేదు. పెద్ద షాపుకు పోతున్నాను. నేను ఇచ్చింది ఒక్కటి కాదక్కా, గుప్పెడు.

తమ్ముడు

*

కింది వాటా, వీధి గదిలో

తమ్ముడూ,

బతికే ఉన్నాం. ముందు అది రాస్తున్నాను.

నా ఫోన్ చంటిది బియ్యం డబ్బాలో వేసింది. డ్రైవర్ హారన్ మీద చెయ్యి తియ్యకుండా వీధిలోకి వచ్చాడు. నీ చీటీ మొదటి వాక్యం చదివి పైకి పరిగెత్తాను. అత్తయ్యగారు స్నానానికి తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూం గడప మీద ఉన్నారు. స్విచ్చి కట్టి, ఆవిడ రెక్క పట్టుకుని కిందికి లాక్కొచ్చాను. కోడలికి పిచ్చి పట్టిందని ఆవిడ వీధంతా వినేట్టు అరిచారు. పేలలేదు. పేలకపోవడం చూసి ఇంకా ఎక్కువ అరిచారు.

మీ బావ వచ్చారు. నీ చీటీ ఇచ్చాను. చదివి పాలిపోయారు. చల్లారనివ్వమని రాశాడు కదా అంటున్నా వినకుండా పానా పట్టుకుని ఎక్కారు. బిరడా సగం మర తిరిగేసరికి సలసల కాగే నీళ్ళు మోచేతి దాకా తగిలాయి. ఇప్పుడు కట్టు కట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నారు.

నేను అడిగింది ఒక్కటే. మీసాలాయనకు అలా మూయమని ఎవరు చెప్పారని. గోడ వైపే తిరిగి, "వాల్వు వచ్చేదాకా కారకుండా ఏదో ఒకటి చెయ్యమన్నాను. ఏం చేశావని అడగలేదు" అన్నారు.

ఇంకెన్ని ఇళ్ళల్లో అంటే, కొన్నిట్లో అన్నారు. పొద్దున్నే పైవాళ్ళకు ఫోన్ చేశారట. వాళ్ళు, కాగితాలు కదలాలి, తొందరపడి ఎవరి ఇంటికీ వెళ్ళొద్దు, ఎవరితోనూ అనొద్దు అన్నారట. ఈయన సరేనన్నారు. ఉద్యోగం పోతే ఈ వాటాకు తలుపులు కూడా ఉండవు తమ్ముడూ. నువ్వు కూడా కొన్నాళ్ళు ఎవరికీ చెప్పకు. నేను అడుగుతున్నాను కాబట్టి.

అక్క

*

కొట్టు వెనక

అక్కా,

చెప్పకుండా ఉండను. నువ్వు అడిగినా ఉండను.

ఆ రోజు పెద్ద షాపుకు పోయాను. జన్మలో కాలు పెట్టనన్న చోటికి. లోపల చల్లగా ఉంది, పాట వేస్తున్నారు. ఫిట్టర్ ఎక్కడ అని అడిగితే ఒకమ్మాయి నవ్వుతూ, మీ ఫిర్యాదు నంబరు చెప్పండి సార్ అంది. ఇళ్ళు పేలతాయి అన్నాను. దానికీ నంబరు కావాలంది. గొంతు పెంచాను. ఇద్దరు గార్డులు రెండు రెక్కలూ పట్టుకుని కార్ల దగ్గర వదిలిపెట్టారు. వాళ్ళూ నవ్వుతూనే ఉన్నారు. అక్కడ అరవడం కూడా రాదక్కా, గొంతు ఎక్కడో పైకప్పులో కలిసిపోతుంది.

బావను తిడదామని కూర్చున్నాను. నాలుగు కాగితాలు తిట్టాను. చించేశాను. ఎందుకంటే బావ ఏం చేశావని అడగలేదు. నేను ఎక్కడికి అని అడగలేదు. ఈ కొట్టులో చేరిన రోజు నుంచీ నాకు నేర్పింది ఆ ఒక్క మాట. గీజరుకు అని వాడు అని ఉంటే, ఏ కన్నానికి అని అడిగేవాణ్ణి. అడిగితే ఇచ్చేవాణ్ణి కాదు. వాళ్ళ టోపీ దిగిందన్న సంబరంలో మునిగిపోయాను. నా నవ్వు ఖరీదు ఆ గుప్పెడు.

పెద్దాయనకు ఇంకా చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరుస్తాను, ఆయన చుక్కలు పెట్టుకుంటూ ఉంటాడు, మూసుకుంటాను.

ఆ ఇళ్ళు ఎక్కడెక్కడో బావకు తెలుసు, మీసాలవాడికి తెలుసు. నాకు తెలియదు. బావ వచ్చి చూపిస్తే సరే. రాకపోతే రేపు పొద్దు తిరిగేలోగా ఈ ఊళ్ళో ప్రతి తలుపూ తడతాను, ఎవరింట్లో కొత్త గీజర్ ఉందని అడుగుతాను, ఎందుకో కూడా చెప్తాను. ఏ షాపు, ఏ సూపర్వైజరు, ఏ కొట్టు, ఏ ఎదవ ఇచ్చాడు, అన్నీ చెప్తాను. మా కొట్టు మూతపడితే పడనీ. నీ తలుపులు రాకపోతే రాకపోనీ. వాటిల్లో ఒక ఇంట్లో ఇవాళ ఎవరో స్విచ్చి వేసి ఉంటారు.

తమ్ముడు

*

కింది వాటా

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆయన చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాను. బతిమాలలేదు. కట్టు కట్టిన చేతిని చూపించి, ఇదే మన చంటిదయ్యుంటే అన్నాను, అంతే.

పొద్దున్నే మీ వీధి మొదట్లోకి వస్తారు. మీసాలాయన్ని కూడా తీసుకొస్తున్నారు. నీతో మాట్లాడనన్నారు, పని మాత్రం చేస్తారట. నువ్వూ నోరు అదుపులో పెట్టుకో. పానాలు నువ్వే తెచ్చుకో, వాళ్ళవి షాపులో ఉండిపోయాయి.

ఆయన చెయ్యి తడవనివ్వకు.

అక్క

*

కొట్టు, చీకటి పడుతుండగా

అక్కా,

బావ చెయ్యి తడవలేదు. పానా నేనే పట్టాను.

మీసాలవాడు దారి చూపిస్తే బావ బండి మీద ఒకరి వెనక ఒకరం ఇరుక్కుని తిరిగాం. ఒక ఇంట్లో కంపెనీవాళ్ళమంటే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. ఒక ఇంట్లో, కారని దాన్ని మళ్ళీ కారేట్టు చేస్తారా అని తలుపు మొహాన వేశారు. బావ వీధిలో నిలబడి, తప్పు మాదండీ, నేనే చేయించానండీ అని తలుపుకేసి చెప్తూ ఉన్నాడు, తీసేదాకా. ఆ మనిషిని నేను ఇన్నాళ్ళూ మెతక అనుకున్నాను. ప్రతి ఇంట్లో స్విచ్చి కట్టించి, చల్లార్చి, డమ్మీ ఊడదీసి జేబులో వేసుకున్నాను. కొత్త వాల్వు వచ్చేదాకా గీజర్ వెయ్యొద్దని చెప్పాం. మధ్యాహ్నానికి జేబు బరువెక్కింది.

ఇంకొక్కటే అన్నాడు మీసాలవాడు. మా కొట్టు వెనక వీధిలోకి తిప్పాడు. పచ్చ గేటు ముందు ఆపాడు.

అది పెద్దాయన ఇల్లు.

పెద్దమ్మ గేటు తీసి నన్ను చూసి, తరవాత ఆ టోపీని చూసి, నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "మీ పెద్దాయనతో అనకురా. పసిపిల్లతో కోడలికి వేడినీళ్ళకు ఇబ్బందని ఆ పెద్ద షాపులోనే కొన్నాను. తెలిస్తే బాధపడతారని కోడలి అన్న పంపాడని చెప్పాను." ఊరందరినీ ఎక్కడికి అని అడిగే మనిషి, సొంత మేడ మీదికి ఏం ఎక్కిందో ఎక్కి చూడలేదు. మోకాళ్ళ నొప్పులు.

స్విచ్చి ఏదని అడిగాను. వేసే ఉందంది. రెండ్రోజులుగా గీజరు మీది దీపం ఆరడం లేదు, నీళ్ళు మాత్రం భలే కాగుతున్నాయి, ఏమైనా తేడానా అంది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. బాత్రూం బయట నిలబడితేనే ట్యాంకు లోపల గరగరమని రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. బావ మెయిను కట్టేశాడు. కోడల్నీ పిల్లనీ మీసాలవాడు వీధిలోకి తీసుకుపోయాడు, పిల్ల వాడి టోపీ పట్టుకుని వదల్లేదు. చెయ్యి చాచి వేడినీళ్ళ కుళాయి తిప్పాను. నీళ్ళు రాలేదు, ఆవిరి వచ్చింది, ఈల వేసుకుంటూ. గదంతా తెల్లగా అయిపోయింది. మేము మెట్ల మీద కూర్చున్నాం. నాతో మాట్లాడనన్న బావ నా మణికట్టు పట్టుకున్నాడు. ఈల ఆగేదాకా వదల్లేదు.

చల్లారాక ఊడదీస్తుంటే పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది. దాని మీద చుక్క చూపిస్తూ, "ఇది చూశాకే నేను ధైర్యంగా ఉన్నాను. మన కొట్టు చుక్క ఉన్నాక ఇంకేం అడుగుతాను" అంది. ఆవిడ గోళ్ళకు అదే రంగు.

వెనక నుంచి ఎవరో ఊపిరి తీసుకున్నారు. పెద్దాయన. భోజనానికి వచ్చి, వీధిలో నిలబడ్డ కోడల్ని చూసి, నొప్పుల మోకాళ్ళతో మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. మొత్తం చెప్పాను. నిలబడే విన్నాడు. డమ్మీ నా చేతిలోంచి తీసుకుని అరచేతిలో దొర్లించాడు.

"ఎక్కడికి అని అడిగావా?"

"లేదు."

పెద్దమ్మ వైపు తిరిగాడు. దిగి వెళ్ళిపోయాడు.

కొట్టుకు వచ్చేసరికి షట్టరు సగం దించి ఉంది. నా లెక్క తేల్చేస్తాడనుకున్నాను. ఆయన ఇత్తడి సామాను మొత్తం గోనె మీద కుమ్మరించుకుని, రంగులు పల్చన చేసే థిన్నరులో గుడ్డ ముంచి, ఒక్కో చుక్కా తుడిచేస్తున్నాడు. ఎదురుగా కూర్చుని నేనూ గుడ్డ తీసుకున్నాను. ఇద్దరం అన్నీ తుడిచాం. వేళ్ళన్నీ ఎర్రబడ్డాయి. చివర్న గోళ్ళరంగు సీసా నా ముందుకు తోశాడు. ఇక మీద సరుకు దిగగానే చుక్క ఉండదు. అడిగి, జవాబు విన్నాక, ఇచ్చేటప్పుడే. ఎవరు ఇస్తే వాళ్ళే పెట్టాలి అన్నాడు.

నన్ను ఉండమన్నాడో పొమ్మన్నాడో అర్థం కావడానికి కాసేపు పట్టింది.

తమ్ముడు

*

మేడ మీద

తమ్ముడూ,

మీ బావ జరిగిందంతా రాసి పైవాళ్ళకు ఇచ్చారు. మీసాలాయన మీదికి తోసేయమని సలహా ఇచ్చారట. చెప్పింది నేను, చేసింది వాడు, ఇద్దరం ఉన్నాం అని రాశారు. ఇద్దరినీ ఇంటికి పంపారు. విచారణ అట, ఎన్నాళ్ళో తెలియదు. ఆయన ఇప్పుడు మేడ మీద తలుపులు ఒంటిచేత్తో బిగిస్తున్నారు. వంకరగా వస్తున్నాయి. నేనేమీ అనడం లేదు, అత్తయ్యగారు అంటున్నారు. ఆవిడ ఇప్పుడు స్విచ్చిని చూస్తేనే ఆమడ దూరం.

ఒక మాట మాత్రం ముందే చెప్తున్నాను. నేలకు పలకలు పెద్ద షాపులోనే కొంటాను. పరిచి చూసుకుని, నచ్చకపోతే తిరిగిచ్చే సుఖం మీ పెద్దాయన దగ్గర లేదు. అరిచి లాభం లేదు.

ఇంకొకటి కావాలి, అది మాత్రం నీ దగ్గరే. సేఫ్టీ వాల్వు. ఎక్కడికంటే, మా మేడ మీద బాత్రూంలో తలుపు పక్క గోడకున్న గీజరుకు. ట్యాంకు అడుగున కుడివైపు కన్నం. ఊడదీసిన పాతది కాగితంలో చుట్టి పంపుతున్నాను, మరలు సరిచూసుకో. ఆ నీళ్ళు వాడేది ముగ్గురు పెద్దవాళ్ళూ ఒక చంటిదీ. నేను నిలబడి కొలిచాను. ఎవరినీ అడగలేదు.

అక్క

*

కొట్టు, బల్ల ముందు

అక్కా,

వాల్వు డ్రైవర్ చేతికిచ్చాను. పాతదానితో మరలు సరిపోయాయి. కారితే కారనీ, కింద బకెట్టు పెట్టుకో, దాన్ని మూయొద్దు. ఆదివారం నేనే వచ్చి బిగిస్తాను. గడప మీదుగానే వస్తాను. పలకల గురించి అప్పుడు అరుస్తాను.

ఎక్కడికి అన్నది రాశావు కాబట్టి చుక్క పెట్టాను. రంగు ఎక్కువ ముంచానేమో, కొంచెం పెద్దదైంది.

తమ్ముడు